సేవకు సంతోషించి

ఎడమ పక్కకు తిప్పిన మనిషిని రెండు గంటలకల్లా కుడి పక్కకు తిప్పాలె. ఈ లెక్కకు సమ్మక్కకు గడియారం అక్కరలేదు, పదకొండేండ్ల సంది ఆమె ఒంటికే తెలుసు. అందుకే ఆ సోమవారం మద్దేడ్ సెంటర్‌లో కమలేష్ కంప్యూటర్ దుకాణం ముందు నిలబడి లోపల్లోపల కుతకుత ఉడుకుతున్నది. ఆమెకు ముందర ఎనిమిది మంది. ఒకడిది ఆధార్, ఒకడిది రేషన్ కార్డు, ఒకామెది కూతురి కుల సర్టిఫికెట్. రైతులకు కొత్తగా నంబర్లు ఇస్తున్నరని, అది లేనోళ్ళ వడ్లు సొసైటీ కొనదని పంచాయతీ వాళ్ళు మైకులో చెప్పిపోయిండ్రు. పక్కింటి భీమేను మామ మంచం కాడ కూర్చోబెట్టి, మామ రాఘవులు ఆధార్ కార్డూ భూమి పుస్తకమూ కొంగున ముడేసుకొని వచ్చింది సమ్మక్క. దున్నించేది ఆమె, నాటేది ఆమె, కోసి కుప్పేసేది ఆమె. పేరు మామది. అందులో ఆమెకు ఏనాడూ తప్పు కనిపించలేదు.

కమలేష్ నంబరు కొట్టి, తెర చూసి, మళ్ళీ కొట్టి, అప్పుడు ఆమె దిక్కు చూసిండు.

“అక్కా, ఈ ఖాతాల రాఘవులు లేడు.”

“లేకపోవుడేంది? ఇప్పుడే జావ తాపి వచ్చిన.”

“మనిషి కాదక్కా, పేరు. భూమి ఉపేంద్ర పేరు మీదికి ఎక్కింది. దానపత్రం అని ఉంది. మొన్న జనవరిల.”

ఉపేంద్ర ఆమెకు బావ. చనిపోయిన ఆమె పెనిమిటి దుర్గేశ్‌కు సొంత అన్న. జగదల్‌పూర్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తా.

పట్వారి ఆ రోజు పంచాయతీ భవనంలోనే ఉన్నడు. కమలేష్ మంచి పిల్లగాడు, దుకాణం కాసేపు తమ్ముడికి అప్పజెప్పి ఆమె వెంట పోయిండు. పట్వారి తన కట్టలు వెతికి దానపత్రం నకలు బల్ల మీద పెట్టి, చూసుకొని ఇచ్చెయ్యమన్నడు. కాగితం నిండా హిందీ, ఈ రాష్ట్రంలో సర్కారు భాష అదే. సమ్మక్కకు హిందీ మాట్లాడ వస్తది, చదవ రాదు. కమలేష్ ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పుకుంటా పోయిండు.

“‘నా పెద్దకొడుకు ఉపేంద్ర పదకొండేండ్ల నుంచి నన్ను తన దగ్గర పెట్టుకొని, తనువుతోని మనసుతోని నాకు సేవ చేస్తున్నడు. అతని సేవకు సంతోషించి, నా నాలుగెకరాల భూమి, దాంట్ల ఉన్న ఇల్లు అతనికి దానంగ ఇస్తున్న.’”

“మళ్ళ చదువు.”

అర్థం కాలేదేమో అనుకొని అతను ఈసారి మెల్లగా చదివిండు. అర్థం కాకపోవుడేంది? సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇన్నాళ్ళూ ఉత్త సామెత అనుకుంది. భూమి పోయిందన్న మాట ఇంకా ఆమె గుండెకు ఆననే లేదు. సేవ అన్న మాట ఆనింది. పదకొండేండ్లు పీతి గుడ్డలు పిండినవి ఈ చేతులు. జగదల్‌పూర్ చేతులు ఏడాదికి ఒకసారి వచ్చి, మంచానికి మూరెడు దూరంలో నిలబడి, బిస్కెట్ ప్యాకెట్ పెట్టిపోయేవి.

“రాసేటోడు అందరికీ ఇదే రాస్తడక్కా,” అన్నడు కమలేష్ నెమ్మదిగా. “కొడుక్కిచ్చే కాగితమంటే సేవ చేసిండని రాసుడు వాళ్ళకు అలవాటు. ఎవరు చేసిండ్రని అడగరు.”

జనవరిలో ఉపేంద్ర కారు తెచ్చిండు. నాయిన కండ్లు బీజాపూర్‌లో చూపిస్తనన్నడు. ఆ పొద్దున మామకు తలంటి, గడ్డం గీసి, ఉతికిన పంచె కట్టి, దారిలో అక్కరపడతయని రెండు గుడ్డలూ నీళ్ళ సీసా ఇచ్చి కారెక్కించింది ఎవరు? ఈమెనే. మేకను కడిగి పసుపు రాసి తోలిచ్చినట్టు. అది యాదికొచ్చి సమ్మక్క చెంపలు మండినయి.

“కింద ఇంకో మాట ఉంది,” అన్నడు కమలేష్. “‘నేను బతికినంత కాలం నా తిండి, బట్ట, మందులు, సేవ ఉపేంద్రనే చూసుకోవాలె.’ ఇది నీకు పనికొచ్చేది. తీసుకున్నోడు ముసలాయనను చూడకపోతే పెద్ద రెవెన్యూ ఆఫీసరు ఎస్‌డీఎం సాబ్ దగ్గర అర్జీ పెట్టొచ్చు. దానం రద్దు చెయ్యొచ్చు. కాని చూస్తలేడని రుజువు కావాలె. ఫోటోలు కావాలె.”

“ఇప్పుడు చూస్తున్నది నేనే గద.”

“అదే చిక్కు. నువ్వు చూస్తున్నంత కాలం ముసలాయనకు ఏం లోటు? మంచిగనే ఉన్నడు గద అంటరు.”

సమ్మక్క భూమి పుస్తకం మళ్ళీ కొంగున ముడేసింది. ఇంటి దారి పట్టంగనే ఒక పాత మాట ఆమె మెదడులో మెదిలింది. తిప్పకుండ వదిలేస్తే మూడో దినానికి ఎర్రగయితది, అయిదో దినానికి తోలు లేస్తది. మొదటి ఏడు మితానిన్ మీనా చెప్పిన మాట అది. మితానిన్ అంటే ఇక్కడ ఊరి ఆరోగ్యం చూసే ఆడమనిషి. పుండు పడకూడదని చెప్పింది మీనా. సమ్మక్క ఆ రోజు దాన్ని తిరగేసి, పుండు పడితే అదే రుజువని ఆలోచించుకుంటా నడిచింది, ఆ ఆలోచనకు ఆమెకు భయం గూడ వెయ్యలేదు.

*

పదకొండేండ్ల కింద పక్షవాతం వచ్చి రాఘవులుకు కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయినయి. మాట కూడ పోయినట్టే. నీళ్ళు, ఆఁ, సమ్మీ, ఈ మూడు తేటగా వస్తయి. మిగతావి తెగిన దారంలా ముక్కలు ముక్కలు.

తిప్పుడు బలంతో అయ్యే పని కాదు, ఒడుపుతో అయ్యేది. ముందు మోకాలు వంచి పాదం పరుపుకు ఆనించాలె. ఒక చెయ్యి తుంటి మీద, ఒక చెయ్యి భుజం వెనుక. “ఊఁ” అని మనిషికి చెప్పి, తన బరువుతో తన దిక్కు వంచుకోవాలె. చెప్పకుండ తిప్పితే భయపడి బిగుసుకుంటడు. తిప్పినంక మోకాళ్ళ నడుమ ఒక దిండు, మడమల కింద ఒక దిండు. ఆ దిండ్లు బూరుగు దూదితో ఆమే కుట్టింది. వీపు చూసి, తుడిచి, కొబ్బరినూనె రాసి, పంచె ముడతలు లేకుండ లాగాలె. ఆ మధ్యాహ్నం ఇదంతా చేసినంక సమ్మక్క మంచం ముందు పీట వేసుకొని కూర్చుంది.

“మామా, భూమి కాగితం మీద ఏలు పెట్టినవా?”

ముసలాయన కండ్లు మూసుకున్నడు.

“కండ్ల దవాఖాన అని నీకు గూడ చెప్పిండా? మోసం చేసి పెట్టిచ్చుకున్నడా?”

ఆఁ అంటడేమోనని ఆమె పీట ముందుకు జరుపుకుంది. ఆ ఒక్క ముక్క అంటే చాలు, అన్నీ పక్కన పెట్టి ఈయన తరఫునే కొట్లాడేది. రాఘవులు కండ్లు తెరిచిండు.

“కొ...డుకు,” అన్నడు.

“మరి నేనెవరిని?”

బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, ఆమె రోజూ కూర్చునే మంచం పట్టె మీద రెండుసార్లు తట్టిండు. “నువ్వు... ఉంటవ్... గద.”

సమ్మక్క లేచి దొడ్లోకి పోయింది. బాయి గట్టు మీద నిలబడి మొహం కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. ఉంటవ్ గద. మంచం ఉంటది, గోడ ఉంటది, సమ్మక్క ఉంటది. వాటికి ఎవరన్నా ఏమన్నా రాసిస్తరా? ఎత్తుకపోయినోడికి కాదు, ఇచ్చినోడికి ఈ దెబ్బ ముందు తగలాలె అనుకుంది. ఏడుపు వచ్చింది, కాని అది దుఃఖపు ఏడుపు కాదు, ఒళ్ళు మండిన ఏడుపు.

భీమే మొగుడు హుంగా ఏటా ఈ కాలంలో పికప్ బండి నిండా చింతపండు జగదల్‌పూర్ మండీకి తోలుతడు. “ఎప్పుడు పోతున్నవు?” అని అడిగింది. బుధవారం అన్నడు. “నాకు గూడ చోటు కావాలె. మామకు గూడ.”

మంగళవారం మీనా వచ్చింది. సంచిలో పంచెలు, గోలీలు సర్దుతున్న సమ్మక్కను చూసింది, అటక మీదికి ఎక్కిన రెండు దూది దిండ్లను చూసింది.

“అవి పెడతలేవు?”

“లేదు.”

“సమ్మక్కా, ఆళ్ళకు తిప్పుడు తెల్వదు. మూడు దినాలల్ల ఏమైతదో నీకు తెల్సు.”

“పదకొండేండ్లు సేవ చేసిన కొడుకు. తెల్వకుంటెట్లుంటది?”

మీనా చెప్పులేసుకొని పోయింది. తను చేస్తున్నది పాపమని సమ్మక్కకు తెలుసు. తెలిసే చేస్తున్నది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నరు, చెప్పు ఎవరికి తగులుతుందో అప్పుడు ఆలోచించలేదు.

*

చింతపండు బస్తాల మీద పరుపేసి, పరుపు మీద మామను పండబెట్టి, పైన తాటిపత్రి కట్టిండు హుంగా. తెల్లారంగనే బయలుదేరిండ్రు. బీజాపూర్ దాటినంక పోలీసు బలగాల క్యాంపు కాడ జవాను ఒకడు బండి ఆపి, ఏం మాల్ అని అడిగిండు. చింతపండు అన్నడు హుంగా. జవాను తాటిపత్రి ఎత్తి చూస్తే లోపలి నుంచి రాఘవులు వాడినే చూస్తున్నడు. జవాను ఏమనుకున్నడో, తాటిపత్రి మెల్లగా దించి, పొమ్మని చెయ్యి ఊపిండు.

దారి పొడుగునా సమ్మక్క మామ తల ఒళ్ళో పెట్టుకొనే కూర్చుంది. గీదం ఊరి కాడ బండి ఆపించి ఒక పక్కకు తిప్పింది, నీళ్ళు తాపింది. ఇదే ఆఖరుసారి అని మనసులో అనుకుంది. బండి కుదుపులకు ముసలాయన ఆమె చెంగు పట్టుకున్నడు. విడిపించుకోలేదు, అట్లని చెయ్యి పట్టుకోనూ లేదు.

జగదల్‌పూర్ చేరేసరికి ఉపేంద్ర అన్నానికి ఇంటికొచ్చిన వేళ. గేటు తీసింది తోటికోడలు దుర్గాభవాని. వెనుక ఎంగిలి చేత్తోనే ఉపేంద్ర వచ్చిండు.

“ఏంది సమ్మక్కా ఇది? ఫోన్ గూడ చెయ్యకుండ?”

“మీ నాయినను తెచ్చిన బావా. ఎక్కడ పండబెట్టాలెనో చెప్పు.”

ఇన్నేండ్లు మీరు అన్న నోటికి ఆ రోజు నువ్వు అని వచ్చింది. అది ఇద్దరూ గమనించిండ్రు.

“ఇక్కడెట్ల అయితది? ఊర్ల అయితే మంచి గాలి. నీకు అలవాటు గూడ...”

“కాగితం మీద నీ అలవాటు అని ఉంది. పదకొండేండ్ల సంది మీ నాయిన నీ దగ్గరనే ఉన్నడట, తనువుతోని మనసుతోని చేస్తున్నవట. పట్వారి కాడ చదివిచ్చుకున్న. నా మాట తప్పయితే చెప్పు.”

పక్కింట్లో ఒకామె బట్టలు ఆరేస్తా ఆగిపోయి చూస్తున్నది. ఉపేంద్ర గొంతు తగ్గించిండు. “లోపలికి రా, కూసొని మాట్లాడుదాం.”

“మాట్లాడేదేముంది? కాళ్ళు పట్టు, హుంగా తల దిక్కు పడతడు.”

వెనుక అర్రలో దివాన్ మీద పండబెట్టిండ్రు. మొదటిసారి నాయిన కాళ్ళు ఎత్తిన ఉపేంద్ర చొక్కాకు చేతులు తుడుచుకున్నడు. సమ్మక్క వంగి, “నీ కొడుకు దగ్గరున్నవు మామా,” అని మాత్రం చెప్పింది. వెనుక నుంచి “సమ్మీ” అని వినబడ్డది. తిరిగి చూడలేదు.

దుర్గాభవాని గేటు దాకా వెంట వచ్చింది. “చెల్లే, ఎట్ల చెయ్యాలె? ఏం పెట్టాలె? ఒక్క మాట చెప్పి పో.”

“నాకేమెరుక అక్కా? చేస్తున్నది మీరు గద.”

ఆ మాట అంటుంటే కొత్త బెల్లం చప్పరించినట్టయింది సమ్మక్కకు. బండెక్కినంక హుంగా అడిగిండు, నీ మొహమేంది అట్లున్నదని. నవ్వుతున్ననా అని అడిగింది. లేదు అన్నడు హుంగా.

*

ఇప్పపువ్వు రాలే దినాలవి. పొద్దు పొడవకముందే గంప పట్టుకొని చెట్ల కిందికి పోయేది సమ్మక్క. ఆ చెట్లున్న నేల ఇప్పుడు కాగితం మీద ఉపేంద్రది. కాని చెట్టు కింద ఆకులు కాల్చి ఊడ్చినోళ్ళదే పువ్వు అని ఊరి కట్టుబాటు. ఊడ్చింది ఆమెనే కాబట్టి ఎవరూ ఏమనలేదు. వంగి ఒక్కో పువ్వు ఏరుతుంటే వేళ కాంగనే చేతులు వాటంతట అవే ఆగిపోయేవి. ఇప్పుడు కుడి పక్క. ఇప్పుడు ఎడమ. ఎవరూ తిప్పలేదు. ఎర్రగయి ఉంటది. అనుకొని మళ్ళీ ఏరేది. ఇల్లు కంపు కొడుతలేదు, దండెం మీద గుడ్డలు లేవు, అన్నం వేడిగా తినొచ్చు. తినబుద్ధి కాలేదు. దాని మీద గూడ ఆమెకు కోపమొచ్చింది.

గురువారం నుంచి ఫోన్ మోగుతనే ఉంది. దుర్గాభవాని పేరు. సమ్మక్క ఫోన్‌ను ఇప్పపువ్వు గంపలో పెట్టి, మోగుడు ఆగేదాకా చూస్తా కూర్చునేది. ఆదివారానికి ఆరుసార్లు అయింది. సోమవారం అయిదో దినం. ఫోటో ఎట్ల తియ్యాలెనో అంతకు ముందే కమలేష్ దగ్గర చూపించుకొని, పొద్దున మొదటి బస్సెక్కింది.

*

ఉపేంద్ర ఆఫీసుకు పోయిండు. తలుపు తీసిన దుర్గాభవాని కుడి మణికట్టుకు గుడ్డ కట్టి ఉంది. జుట్టు దువ్వి రెండు దినాలయినట్టుంది. “వచ్చినవా,” అని మాత్రం అని పక్కకు జరిగింది.

సమ్మక్క నేరుగా వెనుక అర్రలోకి పోయింది. ఫోన్ పైట చాటున పట్టుకొనే ఉంది. మామ మోకాలు వంచి, తన దిక్కు తిప్పుకొని, వీపు చూసింది.

వీపు శుభ్రంగా ఉంది. పౌడర్ వాసన. తుంటి కాడ రేగుపండంత ఎరుపు, అంతే. తోలు ఎక్కడా లేవలేదు. మోకాళ్ళ నడుమ సోఫా మెత్త కోసి, పాత చీర చుట్టిన దిండు. కిటికీలో అలారం గడియారం. ముసలాయన ఆమెను చూసి “సమ్మీ” అన్నడు, ఏమీ జరగనట్టే. ఫోన్ పట్టిన చెయ్యి కిందికి దిగింది.

“ఆరుసార్లు చేసిన,” అంది గడపలో నిలబడ్డ దుర్గాభవాని. “ఏ చెంపకు జావ పొయ్యాలెనని అడుగుదామని. రెండో దినం పొలమారి ముక్కులకెళ్ళి వచ్చింది. నా చేతులల్లనే పోతడనుకున్న. కాళ్ళు చేతులు ఆడలే. తర్వాత ఎడమ చెంపకు పోసి చూసిన, దిగింది.”

సమ్మక్క ఫోన్ కొంగున ముడేసుకుంది. “బావ ఏం చేసిండు?” అంది.

“ఊదుబత్తులు తెచ్చిండు.”

ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చున్నరు. దుర్గాభవాని చాయ పెట్టలేదు, సమ్మక్క అడగలేదు.

“నిన్న ఆఫీసాయన వచ్చిండు,” అని మళ్ళీ మొదలుపెట్టింది దుర్గాభవాని. “ఈ కాలంల నాయినను ఇంట్ల పెట్టుకొని ఇట్ల సేవ చేసేటోళ్ళు ఎవరున్నరు ఉపేంద్రా అన్నడు. ఈయన తల వంచుకొని నవ్విండు. నేను వెనుక గుడ్డలు పిండుతున్న. ఆ నవ్వు నాకు వినబడ్డది చెల్లే.”

“కాగితం సంగతి నీకు ముందే తెల్సా?”

దుర్గాభవాని దాచలేదు. “రాయించుకొని వచ్చి చూపించిండు. రోడ్డు పక్క భూమి, పిల్లల చదువుకయితది అన్నడు. నాకు గూడ ఆశయింది. నీ గురించి అప్పుడు యాదికి రాలే.”

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటరు. ఇక్కడ తోటికోడలు నవ్వలేదు. సమ్మక్క చేతిలో ఉన్న చెప్పు తగిలింది ఈమెకే. ఆ కట్టు కట్టిన మణికట్టు చూస్తే తన మొదటి ఏడు యాదికొచ్చింది సమ్మక్కకు, ఒడుపు తెలవక నడుము పట్టేసి గోడ పట్టుకొని నడిచిన దినాలు. సిగ్గయింది. ఆ సిగ్గు పోయేసరికి కోపం మళ్ళీ వచ్చింది, ఈసారి దానికి దారి సరిగ్గా కనబడ్డది.

“అక్కా, ఇన్నాళ్ళు నా కష్టం తన పేర రాసుకున్నడు. ఇప్పుడు నీది రాసుకుంటున్నడు. నువ్వు చేసినంత కాలం ఆయన చేసినట్టే లెక్క.”

“అయితే?”

“ఇయ్యాల్టి సంది నువ్వు చెయ్యకు. నేను గూడ చెయ్య.”

“ముసలాయన?”

“కొడుకున్నడు గద.”

దుర్గాభవాని లేచి, కిటికీలో ఉన్న అలారం గడియారం తెచ్చి, ముందర హాలులో టీవీ మీద పెట్టింది.

*

అయిదు గంటలకు వెనుక అర్రలో నుంచి వాసన వచ్చింది. ఇద్దరూ వరండా మెట్ల మీద ఉన్నరు. కాసేపటికి పిలుపు మొదలయింది. సమ్మీ. సమ్మీ. పదకొండేండ్లలో ఆ పిలుపుకు లేవని దినం లేదు. మోకాళ్ళు వాటంతట అవే లేవబోయినయి. దుర్గాభవాని కట్టు కట్టిన చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకొని కూర్చోబెట్టింది. నాట్లేసినప్పుడు గూడ సమ్మక్క ఒళ్ళు అంత అలవలేదు, ఆ అరగంట ఊరికే కూర్చున్నందుకు అలిసినంత. లోపల ఉన్నోడి మీద జాలి, అతను అన్న మాట మీద పగ, రెండూ ఆమెను చెరో దిక్కు గుంజినయి.

మోటారుసైకిల్ దిగి హెల్మెట్ తీసిన ఉపేంద్ర ముక్కు ముడిచిండు. “భవానీ!”

“నా చెయ్యి బెణికింది.”

అప్పుడు సమ్మక్కను చూసిండు. మొహం తేటపడ్డది. “వచ్చినవా, మంచిదాయె. నాయినను జర చూడు.”

“చూడనీకే వచ్చిన. నువ్వు చేస్తుంటే చూడనీకి.”

ఉపేంద్ర అరిచిండు. ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళుండి ముసలాయనను అట్ల వదిలేస్తరా అన్నడు, మనుషులేనా అన్నడు. ఆమె విన్నది. అతని మాటలు అయిపోయినంక ఫోన్ తీసింది.

“ఇట్లనే ఫోటో తీసి ఎస్‌డీఎం సాబ్‌కు పెడత. నువ్వే చూసుకోవాలెనని నీ కాగితంలనే రాసి ఉంది, చూడకపోతే దానం రద్దు. అర్జీ నీ ఆఫీసుకు గూడ పోతదట. తియ్యమంటవా, లోపలికి పోతవా?”

గుమాస్తాకు అర్జీ అంటే ఏందో ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఉపేంద్ర చొక్కా విప్పి బనీను మీద లోపలికి పోయిండు. సమ్మక్క గడప బయట, తలుపు పట్టుకొని నిలబడ్డది.

“ముందు మోకాలు వంచు. అట్ల గుంజకు, ఆయనకు చెప్పి తిప్పు. తుంటి మీద చెయ్యి. ముక్కు వదిలిపెట్టు, రెండు చేతులు కావాలె.”

అతనికి ఓకరింపు వచ్చింది. బయటికి ఉరికి, కక్కి, మొహం కడుక్కొని, తనే మళ్ళీ లోపలికి పోయిండు. పోక ఎక్కడికి పోతడు?

“గుడ్డ పిండి మళ్ళ తుడువు. మడతలల్ల ఉంటది. నూనె రాయి. ఇప్పుడు పంచె కింద ముడత లాగు.”

కొడుకు నాయిన మొహం చూడలేదు. నాయిన మాత్రం కొడుకును చూసిండు, చేతులు చూసిండు, తర్వాత గడపలో ఉన్న కోడలిని చూసిండు. ఏనాడూ లేని సిగ్గు ఆ ముసలి మొహం మీద. అది చూసి గూడ సమ్మక్క గడప దాటలేదు.

మంగళవారం ఉపేంద్ర సెలవు పెట్టిండు. బుధవారం గూడ. ఆడవాళ్ళిద్దరూ వండుకున్నరు, తిన్నరు, ఒకరి తల ఒకరు దువ్వుకున్నరు. వేళకు టీవీ మీద అలారం మోగేది, ఉపేంద్ర లేచేవాడు. జావ కుడి చెంపకు పోస్తుంటే సమ్మక్క గడప నుంచే “ఎడమకు” అనేది. చెప్పకుండ వదిలేసిన తప్పు మళ్ళీ చెయ్యలేదు ఆమె. బుధవారం సాయంత్రం, ఉపేంద్ర గుడ్డలు పిండుతున్నప్పుడు, రాఘవులు ఆమెను సైగ చేసి పిలిచిండు.

“పోదాం,” అన్నడు తేటగా. ఆ మాట ఎక్కడ దాచుకున్నడో ఇన్నాళ్ళు.

“ఎవరింటికి మామా? ఆ ఇల్లెవరిది?”

ముసలాయన కండ్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారినయి. సమ్మక్క గడప మీద నుంచి అవి చూసింది. ఆమెకు బాధయింది, బాధలోనే ఒక చల్లదనం గూడ ఉంది, అది లేదని ఆమె తనతో తను అబద్ధమాడుకోలేదు.

గురువారం పొద్దున పది గంటలకు ఉపేంద్ర వరండాలోకి వచ్చిండు. గడ్డం మాసింది. గోళ్ళలో పసుపుపచ్చ. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకొని మెట్టు మీద కూలబడ్డడు. దుర్గాభవాని చాటలో కందిపప్పు పోసుకొని రాళ్ళు ఏరుతున్నది.

“సోమవారం రిజిస్ట్రీకి పోదాం,” అన్నడు. “భూమి నీ పేర రాసిస్త. ఇల్లు గూడ. నాయినను తీసుకపో.”

ఈ మాట కోసమే కదా బస్సెక్కింది. విన్నంక ఎగిరి గంతేస్తననుకుంది. గంతు రాలేదు, లెక్క వచ్చింది.

“నాకు దానం వద్దు. దుర్గేశ్ పాలు రెండెకరాలు, ఇల్లు నాకు. నీ పాలు రెండెకరాలు అక్క పేర.”

ఉపేంద్ర పెండ్లాం దిక్కు చూసిండు. ఆమె తలెత్తలేదు. ఒక రాయి ఏరి పక్కన వేసింది.

“సరే,” అన్నడు. “రాసిస్త. రేపు హుంగా బండి వస్తున్నదట గద, నాయినను రేపే...”

“రాసేది సోమవారం గద బావా.”

“మాట ఇస్తున్న గద సమ్మక్కా.”

“ఇంకా నాలుగు దినాలుంది.” లోపల అలారం మోగింది. “లే. తిప్పే వేళయింది.”

ఉపేంద్ర ఇద్దరి దిక్కూ చూసిండు. ఎవరూ లేవకపోయేసరికి మెట్టు పట్టుకొని లేచి లోపలికి పోయిండు. వెనుక అర్రలో నుంచి “ఊఁ” అని అతని గొంతు, “ఆఁ” అని ముసలాయన గొంతు వినబడ్డయి. దుర్గాభవాని చాట కొంచెం జరిపింది. సమ్మక్క పక్కన కూర్చొని గుప్పెడు పప్పు తన దిక్కు లాక్కుంది.